‘డెత్’ బృందం టేపులు: పంక్ చరిత్రకు ఒక సవరణ

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల పంక్ రాక్ సంగీతం (పొట్టి పాటలతో, వేగంగా, గరగరలాడే గిటారుతో సాగే బాణీ) గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మన భాషలో ఈ విషయం మీద రాసేవారే తక్కువ కాబట్టి వ్యాసకర్త శ్రమను మెచ్చుకోవలసిందే. అయితే పంక్ 1976లో లండన్‌లో పుట్టిందనీ, అది మొదటి నుంచీ తెల్లజాతి యువకుల సంగీతమేననీ, నల్లజాతి వారు ఆ కాలంలో సోల్, ఫంక్, డిస్కో అనే ఆటపాటల బాణీలతోనే సరిపెట్టుకున్నారనీ ఆ వ్యాసం తేల్చేసింది. ఇందులో మొదటి మాట సగమే నిజం. మిగిలిన రెండింటినీ సవరించవలసి ఉంది. అందుకు ఆధారం అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో 1970ల నడుమ కొద్దికాలం మాత్రమే నిలిచిన ‘డెత్’ అనే బృందం. ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు కట్టుకున్న ఆ బృందం పేరు మీ వ్యాసంలో ఒక్కచోట కూడా కనిపించలేదు.

ఈ సంగతి చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటని మీరు అడగవచ్చు. నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో ఇరవై ఏళ్లకు పైగా నేను క్యాసెట్ల దుకాణం నడిపాను. కాగితం మీద పాటల జాబితా రాసుకొచ్చిన వారికి ఖాళీ క్యాసెట్లలో వాటిని ఎక్కించి ఇవ్వడం నా పని. 60 నిమిషాల క్యాసెట్లో ఎన్ని పాటలు పడతాయి, 90 నిమిషాల దానిలో ఎన్ని పడతాయి అన్న లెక్క తప్ప ఇంగ్లిషు సంగీతం గురించి నాకేమీ తెలియదు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా డెట్రాయిట్ శివారులో స్థిరపడ్డాడు. అక్కడ ఆరు నెలలు ఉన్నప్పుడు వాడు నన్ను మోటౌన్ మ్యూజియానికి తీసుకువెళ్లాడు. 1959లో బెరీ గోర్డీ ఒక మామూలు ఇంటిని స్టూడియోగా మార్చి, అమెరికా అంతటినీ ఆడించిన సోల్ పాటలను తయారుచేసిన చోటు అది. బయటికి వచ్చాక మా వాడు, “నాయినా, ఇదే ఊర్ల అటక మీద టేపులు దాచిపెట్టినోళ్ల కథ ఇంకోటి ఉన్నది, ఇంటికి పోయినంక చూద్దాం” అన్నాడు. ఆ రాత్రి ఆ బృందం మీద 2012లో వచ్చిన డాక్యుమెంటరీ చూశాం. టేపులు దాచింది ఆ ఊళ్లో కాదని, చాలా దూరంలోని వెర్మాంట్ రాష్ట్రంలోనని చూశాక తెలిసింది. అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ వస్తున్నాను.

ముందు తేదీల సంగతి చూద్దాం. న్యూయార్కులో 1974లో ఏర్పడిన రమోన్స్, అన్నదమ్ములు కాకపోయినా నలుగురూ ఒకే ఇంటిపేరు తగిలించుకున్న చిత్రమైన బృందం, తమ మొదటి ఆల్బమ్‌ను 1976 ఏప్రిల్‌లో విడుదల చేసింది. అందులోని 14 పాటలూ కలిపి 29 నిమిషాలు. అదే ఏడాది సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి ద సెయింట్స్ అనే బృందం తమ తొలి సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) తెచ్చింది. లండన్‌కు చెందిన ద డ్యామ్డ్ రికార్డు అక్టోబరులోను, మీ వ్యాసకర్త ఎంతో రాసిన సెక్స్ పిస్టల్స్ తొలి రికార్డు నవంబరులోను వచ్చాయి. కాబట్టి కేవలం రికార్డుల లెక్క చూసుకున్నా లండన్ వంతు న్యూయార్కు, బ్రిస్బేన్‌ల తరువాతే వస్తుంది. ఇక డెత్ బృందం తన పాటలను స్టూడియోలో రికార్డు చేసింది 1975లో.

డెత్ బృందం కట్టిన అన్నదమ్ముల ఇంటిపేరు హాక్నీ. గిటారు వాయించిన డేవిడ్, పాడుతూ బేస్ గిటారు పట్టిన బాబీ, డ్రమ్స్ కొట్టిన డానిస్, ఈ ముగ్గురూ డెట్రాయిట్ తూర్పు భాగంలో పెరిగారు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందం అమెరికా టెలివిజన్‌లో పాడిన కార్యక్రమాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారట. ఆ వెంటనే డేవిడ్ ఒక సందులో ఎవరో పారేసిన గిటారు దొరికించుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1971లో అన్నదమ్ములు రాక్‌ఫైర్ ఫంక్ ఎక్స్‌ప్రెస్ అనే పేరుతో, ఆ ఊరికి, ఆ వాడకు తగినట్టే ఫంక్ వాయించారు. ద హూ, ఆలిస్ కూపర్ వంటి వారి రాక్ కచేరీలు చూసిన తరువాత వారి దారి మారింది. పాటలు పొట్టివయ్యాయి, వేగం పెరిగింది, గిటారు గరగరలాడింది. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే: ఇంట్లోని ఒక గదిలో మధ్యాహ్నం 3 గంటల నుంచి సాయంత్రం 6 వరకు ఎంతైనా మోగించుకోవచ్చు, ఆ తరువాత చప్పుడు వినిపించకూడదు. ఇరుగుపొరుగు వారు గోల భరించలేక తిట్టుకున్నారు. తెల్లవాళ్ల పాటలు మీకెందుకన్నారు. మోటౌన్ పుట్టిన ఊళ్లో నల్లజాతి పిల్లలు ఇలా వాయించడం వారికి మింగుడుపడలేదు. డానిస్ డ్రమ్స్ దెబ్బను నేను మొదటిసారి విన్నప్పుడు, అర్థం కాని భాషలో ఉన్నా, మా ఒగ్గు డోలు మలుపు తిరిగే చోట ఒంట్లో పుట్టే ఆ కదలికే పుట్టిందని చెప్పగలను.

ఆ రోజుల్లోనే వారి తండ్రి, తాగి వాహనం నడిపిన ఒక వ్యక్తి వల్ల జరిగిన ప్రమాదంలో మరణించారు. ఆ దెబ్బ డేవిడ్‌ను లోలోపల మార్చివేసింది. చావు అంతం కాదనీ, అదొక దాటడం మాత్రమేననీ, జనం భయపడే ఆ మాటను మంచి అర్థంలోకి తిప్పాలనీ తలచి బృందానికి డెత్ అని పేరు పెట్టాడు. తమ్ముళ్లకు మొదట నచ్చలేదు గానీ అన్న మాట కాదనలేకపోయారు.

ఈ పేరు దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకపోతే, ఆ తరువాత పుట్టినవాణ్ని పెంట మీద పడుకోబెట్టి పెంటయ్య అనో, ఎంగిలి విస్తరాకులో పొర్లించి పుల్లయ్య అనో పేరు పెట్టేవారు. చావుకు ఏవగింపు పుట్టించి దాన్ని బిడ్డ జోలికి రాకుండా తిప్పి పంపడం దాని ఉద్దేశం. మన ఊళ్లలో శవం లేచేది డప్పుల మోతతోనే, అడుగులు వేసేవారు వేస్తూనే ఉంటారు. అందువల్ల చావు పేరు పెట్టుకుని దాన్ని లొంగదీసుకోవాలనుకున్న మనిషి నాకు పిచ్చివాడిలా అనిపించలేదు. అయినా దుకాణదారుడిగా ఒక మాట ఒప్పుకోవాలి. గడియారం సెంటరులో ‘చావు బ్యాండు మేళం’ అని బోర్డు పెట్టుకుంటే పెండ్లికి బయానా ఇచ్చేవాడు ఒక్కడూ ఉండడు.

సరిగ్గా ఆ చిక్కే వచ్చిపడింది. గ్రూవ్స్‌విల్ అనే నిర్మాణ సంస్థ వారిని చేరదీసింది. డాన్ డేవిస్ అనే నిర్మాత అండతో యునైటెడ్ సౌండ్ స్టూడియోలో డజను పాటలు రికార్డు చేయాలని అనుకుని ఏడు పూర్తిచేశారు. ఆ పాటలను విని ఆసక్తి చూపిన క్లైవ్ డేవిస్, అమెరికా రికార్డుల వ్యాపారంలో అప్పటికే పేరుమోసిన పెద్ద, పేరు మారిస్తే చాలునన్నాడని అన్నదమ్ములు చెప్పారు. డేవిడ్ ఒప్పుకోలేదు. పేరు ఇచ్చేస్తే మన ప్రాణమే ఇచ్చేసినట్టన్న ధోరణిలో వాదించాడు. డబ్బు ఆగింది, పని ఆగింది, అనుకున్న డజను ఏడు దగ్గరే నిలిచిపోయింది. చివరికి 1976లో ట్రయాంగిల్ అనే సొంత లేబుల్ (రికార్డుల ముద్ర) మీద, ఒకవైపు ‘పాలిటీషియన్స్ ఇన్ మై ఐస్’, మరోవైపు ‘కీప్ ఆన్ నాకింగ్’ అన్న పాటలతో 500 రికార్డులు మాత్రం ముద్రించుకున్నారు. వాటికీ రేడియోలో పెద్దగా చోటు దొరకలేదు.

ఇక్కడే చాలామంది కథను తేలిక చేస్తున్నారు. పేరు మార్చుకోకపోవడమే అపజయానికి కారణమని రాస్తే చదవడానికి బాగుంటుంది, కాని అదొక్కటే కాదు. అప్పటి అమెరికాలో రేడియో కేంద్రాలు చర్మపు రంగును బట్టి చీలి ఉన్నాయి. నల్లజాతి శ్రోతల కేంద్రాలకు సోల్, ఫంక్ కావాలి, డిస్కో గాలి అప్పుడప్పుడే బలపడుతోంది. రాక్ కేంద్రాల దృష్టిలో నల్లజాతి రాక్ బృందం ఒక వింత. నల్లజాతి గిటారు కళాకారుడు జిమీ హెండ్రిక్స్ అంతటివాడు రాక్‌లో వెలిగి కొద్ది ఏళ్ల ముందే చనిపోయినా, ఆయన వేసిన దారిలో వచ్చేవారికి తలుపులు తెరుచుకోలేదు. డెట్రాయిట్ పరిస్థితీ అంతంత మాత్రమే. 1967 వేసవిలో జరిగిన అల్లర్లలో 43 మంది చనిపోయిన నగరం అది. మోటౌన్ కూడా 1972లో లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయింది. కాబట్టి పేరు మార్చుకుని ఉంటే హాక్నీ సోదరులు నిలదొక్కుకుని ఉండేవారని అంత ధీమాగా చెప్పలేం. ఏదో ఒక పేరుతో ఒక రికార్డు వచ్చి, ఒక మూల అంగట్లో దుమ్ము కొట్టుకుని ఉండేదేమో. అయినా నా సొంత అభిప్రాయం అడిగితే, 1975లో నేను డేవిడ్ పక్కన ఉండి ఉంటే పేరు మార్చమనే చెప్పేవాణ్ని. ఆ మాట చెప్పినందుకు తరువాత సిగ్గుపడేవాణ్నేమో కూడా.

మరో అతిశయోక్తినీ ఇక్కడే తోసిపుచ్చాలి. మీ వ్యాసం లండన్‌ను మొదటిదిగా చూపితే, డెత్ అభిమానులు ఈ ముగ్గురినీ మొదటివారని చాటుతున్నారు. డెట్రాయిట్ చుట్టుపక్కలే ఎంసీ ఫైవ్, ద స్టూజెస్ వంటి బృందాలు 1960ల చివరికే ఇటువంటి దూకుడు సంగీతం వినిపించాయి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, లీమా నగరంలో లాస్ సైకోస్ అనే కుర్రాళ్లు 1964కూ 1966కూ మధ్య కేకలు పెడుతూ పాడిన పాటలను ఇప్పుడు వింటే అవి పంక్ కాదనడం కష్టం. ఏరు ఎక్కడ మొదలైందో వెతుకుతూ పోతే ఒక్క ఊట దొరకదు. డెత్‌ను గుర్తుంచుకోవలసింది మొదటిదని కాదు, ఎవరూ తోడులేని చోట, ఎవరి పేరూ చెప్పుకోకుండా, రమోన్స్ మొదటి ఆల్బమ్ రాకముందే, తమంత తాము అక్కడికి చేరినందుకు.

1977లో అన్నదమ్ములు వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ పట్టణానికి తరలిపోయారు. చిత్రమేమిటంటే, డబ్బు ఇస్తామన్నప్పుడు మారని పేరు అక్కడ మారింది. ద ఫోర్త్ మూవ్‌మెంట్ అనే కొత్త పేరుతో 1980లో, 1982లో రెండు భక్తి రాక్ ఆల్బములు తెచ్చారు. ఆ తరువాత డేవిడ్ డెట్రాయిట్‌కు తిరిగిపోయాడు. బాబీ, డానిస్ అక్కడే ఉండి, ల్యాంబ్స్‌బ్రెడ్ అనే రెగె (జమైకా దేశపు బాణీ) బృందం పెట్టుకుని, సంసారాలు ఈడ్చుకుంటూ వచ్చారు. డేవిడ్ 2000 సంవత్సరంలో ఊపిరితిత్తుల కేన్సరుతో మరణించాడు. పోయే ముందు మాస్టర్ టేపులను, అంటే 1975 నాటి అసలు రికార్డింగులను, బాబీకి అప్పగించి, లోకం ఏనాటికైనా వీటిని వెతుక్కుంటూ వస్తుందనీ, అప్పుడు వీటిని అడిగితే నీ దగ్గర ఉండాలనీ చెప్పాడట. బాబీ వాటిని అటక మీద పెట్టాడు. తాము ఒకప్పుడు రాక్ బృందమన్న సంగతి తన పిల్లలకు కూడా చెప్పలేదు.

ఆ 500 రికార్డుల్లో కొన్ని మెల్లగా సేకర్తల చేతుల్లోకి పోయాయి. పాత రికార్డుల పిచ్చి ఉన్నవారు వాటికి పెద్ద ధరలు కట్టారు, పాటలను ఇంటర్నెట్లోకీ ఎక్కించారు. అలా అవి తిరిగి తిరిగి కాలిఫోర్నియాలో ఒక విందులో మోగితే, బాబీ కొడుకు జూలియన్ విని, ఆ గొంతు తన తండ్రిదని గుర్తుపట్టాడు. తండ్రి గొంతును కొడుకు పరాయి వాళ్ల పాటలో పట్టుకోవడం, నాలాంటి టేపుల వాడికి, ఈ కథ మొత్తంలో ఎంత విన్నా తీరని ఘట్టం. కొడుకులు రఫ్ ఫ్రాన్సిస్ అనే బృందం కట్టి పెదనాన్న పాటలు వాయించారు. 2009లో చికాగోకు చెందిన డ్రాగ్ సిటీ సంస్థ ఆ ఏడు పాటలనూ అరగంట నిండని ఒక ఆల్బమ్‌గా విడుదల చేసింది. బాబీ, డానిస్ అదే ఏడాది మరో గిటారు కళాకారుడితో కలిసి డెత్ పేరుతో మళ్లీ వేదిక ఎక్కారు. అంటే రికార్డింగుకూ విడుదలకూ మధ్య 34 ఏళ్లు.

సంపాదకుల వారికి ఇంత వివరంగా రాయడానికి ఒక కారణముంది. దాన్ని దాచుకోవడం సబబు కాదు. 1980ల చివర్లో, అప్పటికి మా జిల్లాలోనే ఉన్న దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర సమయంలో, ఒక ఒగ్గు బృందం లింగమంతుల స్వామి కథ చెబుతుంటే రాత్రంతా కూర్చుని నాలుగు క్యాసెట్లలో రికార్డు చేశాను. మళ్లీ ఎవరూ చెరపకుండా వాటి వెనక వైపున్న చిన్న ప్లాస్టిక్ పలకలను నేనే విరిచేశాను. అలా విరిస్తే ఆ క్యాసెట్ మీద యంత్రం కొత్తగా రికార్డు చేయదు. కొన్నేళ్ల తరువాత, ఒక పెండ్లిళ్ల సీజనులో ఖాళీ క్యాసెట్లు నిండుకున్నాయి, కొనుగోలుదారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆ కన్నాల మీద సెల్లోటేపు అంటించి, రెండు క్యాసెట్లలో సినిమా పాటలు ఎక్కించి అమ్మేశాను. మిగిలిన రెండూ ఆ తరువాత ఎటుపోయాయో చూసుకోలేదు. కథ చెప్పిన పెద్దమనిషి పోయిన తరువాత ఆయన కొడుకు వచ్చి, “మా బాపు గొంతు నీ దగ్గర ఉన్నదంట గదా సేటూ” అని అడిగాడు. లేదన్నాను. ఎందుకు లేదో చెప్పలేదు. అతను చాయ్ తాగి వెళ్లిపోయాడు.

డేవిడ్ హాక్నీ టేపులకు మరొక అదృష్టం కూడా తోడైంది, అది వాతావరణం. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప తుప్పు వంటి పొడిని జిగురుతో అద్దిన వస్తువు. తేమకూ వేడికీ ఆ జిగురు పాడై పొడి రాలిపోతుంది, రాలిన పొడితోనే పాటా పోతుంది. డెట్రాయిట్, వెర్మాంట్ రెండూ చలిప్రదేశాలే. మా దగ్గర మే నెలలో 45 డిగ్రీల ఎండకు కాగే రేకుల కప్పు కింద, వానాకాలంలో చెమ్మ ఎక్కే సందుగలో పెట్టిన క్యాసెట్ అన్నేళ్లు నిలవడం కష్టం. అక్కడ 34 ఏళ్లు ఆగగలిగిన పాట ఇక్కడ అంతకాలం ఆగుతుందని నమ్ముకోకూడదు.

కాబట్టి నా విన్నపాలు రెండు. మొదటిది, పంక్ వ్యాసానికి సవరణగా డెత్ బృందం 1975 నాటి రికార్డింగుల సంగతిని, న్యూయార్కు, బ్రిస్బేన్‌ల ముందువెనకలను మీ అనుబంధంలో ప్రచురించండి. రెండవది, ఈ లేఖను వేయదలచుకుంటే దయచేసి కింది నాలుగు మాటలు కత్తిరించకండి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒగ్గు కథ, శారద కథ, చిందు భాగోతం, బతుకమ్మ పాటల పాత క్యాసెట్లు ఇళ్లలో ఉన్నవారు వాటిని ఉన్నపళంగా పాత టేప్ రికార్డరులో పెట్టి వాయించవద్దు. హెడ్డు, రోలరు దూదితో, స్పిరిటుతో తుడిచి, వేరే పనికిరాని క్యాసెట్ ఒకటి ముందు ఆడించి, అది నలగకుండా బయటికి వచ్చిన తరువాతనే అసలుది పెట్టాలి. బూజు పట్టిన దాన్ని అసలు పెట్టవద్దు. పెన్సిలుతో చేత్తో మెల్లగా తిప్పి చూసి, ఎక్కడైనా అతుక్కుంటే అక్కడే ఆపేయాలి. వెనక పలకలు విరగనివి ఉంటే ఇప్పుడే విరిచేయండి.

నా దుకాణం మూతపడి చాలా ఏళ్లయింది గానీ రెండు డెక్కులు ఇంట్లోనే ఉన్నాయి, ఒకటి ఈ మధ్యనే బెల్టు మార్పించాను, బాగా నడుస్తోంది. పెద్దగట్టు కథ చెప్పిన ఆ కుటుంబం వారు ఈ పత్రిక చదివేవారైతే, ఆ రాత్రి నేను కాక మరెవరైనా తమ టేప్ రికార్డరులో రికార్డు చేసుకున్నారేమో విచారించమని, దొరికితే పత్రికా కార్యాలయం ద్వారా నాకు కబురు చేయమని మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు,
నల్లగొండ